అలికిడి లేని ఇల్లు

మోనిషకు మూడున్నరేళ్ళు. ఇంతవరకు నోరు విప్పి ఒక్క మాట అనలేదు. "వాళ్ళ నాయన కూడా ఆలస్యంగానే మాట్లాడినాడులే" అని అత్త చెప్పిన మాట పట్టుకుని తల్లి అమ్మణి ఏడాది నెట్టుకొచ్చింది. బాల్‌వాడి టీచరు మాత్రం ఊరుకోలేదు. చీటీ రాసి చేతిలో పెట్టి వేలూరు ఆసుపత్రికి పొమ్మంది.

బీడీలు చుట్టి బతికే మనిషికి వేలూరు పోవడమంటే ఒక రోజు పని పోయినట్టే. అయినా బిడ్డను చంకనేసుకుని గుడియాత్తంలో బస్సెక్కింది. బస్సులో అందరి పిల్లలూ గీపెట్టి ఏడుస్తుంటే మోనిష కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "ఎంత బుద్ధిమంతురాలో!" అని పక్కామె మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు విని విని అమ్మణికి విసుగు పుట్టింది. బుద్ధిమంతురాలట, బుద్ధిమంతురాలు!

ఆసుపత్రిలో చెవులు చూశారు, బాగున్నాయన్నారు. నాలుక చూశారు, బాగుందన్నారు. చివరికి మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమెది చిత్తూరు వైపేమో, అరవంలో కాక తెలుగులోనే అడిగింది.

"ఇంట్లో పాపతో ఎంతసేపు మాట్లాడతావమ్మా?"

అమ్మణికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "మాట్లాడేదానికి యాడవుతాది మేడమ్? ఉండేది ఒకటే రూము. మా ఇంటాయన ఈ ఊళ్ళోనే, సత్తువాచారిలో నైట్ వాచ్‌మేన్. పొద్దున వచ్చి పండుకుంటే సాయంత్రం దాకా లెయ్యడు. నిద్ర చెడి డ్యూటీలో తూగినాడంటే ఉండే పని కూడా పోతాది. నేను మూల కూసోని బీడీలు చుడతా. పాప సద్దు చేస్తే ఉష్ అంటా. పుట్టినప్పట్నుంచి అంతే..."

చెబుతూ చెబుతూ ఉండగానే, తను అంటున్నదేమిటో ఆమెకే వినపడింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "బిడ్డకు జబ్బేమీ కనపడలేదమ్మా. మాట చెవిన పడితేనే కదా నోట్లోకొచ్చేది! పని చేసుకుంటూనే మాట్లాడు. కనబడిన దానికల్లా పేరు చెప్పు. ఇంకా నాన్చితే కష్టం" అంది.

చెప్పడం తేలికే. మర్నాడు పొద్దున మొగుడు భూపతి ఇంటికొచ్చి, రెండు ఇడ్లీలు తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతన్ని తప్పుబట్టడానికీ లేదు. ఆ ఎర్రబడ్డ కళ్ళు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. అమ్మణి బీడీ ఆకుల చేట పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. గాలికి ఆకు ఎండి చిట్లుతుందని, చిట్లిన బీడీలు ఏజెంటు మొహాన కొడతాడని ఆమెకు తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ బయట కూర్చోలేదు. ఆకుల మీద తడిగోనె కప్పి, బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఏం మాట్లాడాలో వెంటనే తోచలేదు. కన్నబిడ్డతో మాట్లాడడానికి సిగ్గేసింది.

"ఇదో మోనీ, ఇది ఆకు. ఆకు. ఇది కత్తెర..."

మోనిష కళ్ళు పెద్దవయ్యాయి. గబుక్కున లేచి, తన చిన్న అరచేత్తో తల్లి నోరు మూసేసింది. లోపల నాయన పడుకున్నాడని తలుపు వైపు భయంగా చూసింది.

అమ్మణికి ఏడుపు తన్నుకొచ్చింది. మూడేళ్ళుగా తను బిడ్డకు నేర్పిన చదువు ఇదీ. ఆ చేతిని మెల్లగా దించి, మొగుడు లేస్తే లేవనీ అనుకుని, గొంతు పెంచి మళ్ళీ చెప్పింది.

"ఆకు. ఆకు చెప్పమ్మా."