ఇంటికి ఒక్క సీటు

"కుడికాలు ముందు పెట్టండి మాస్టారూ, కుడికాలు" అంటూ ఆయమ్మ లెక్కల మాస్టారి చంక కింద చెయ్యి వేసి వ్యాన్‌లోకి ఎక్కించింది. ఆయన ఎడమకాలే ముందు పెట్టాడు. ముప్పై ఐదేళ్లు పిల్లల చేత తన మాట వినిపించుకున్న మనిషి, ఇప్పుడు ఒకరి మాట వింటాడా! బరువంతా మీద పడేసరికి ఆయమ్మ నడుం కలుక్కుమంది. పళ్ల బిగువున ఓర్చుకుని, ఆయన్ని కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టింది. పదిహేను. ఇంకా ఏడుగురు ఎక్కాలి.

ఈ వ్యాన్ ఒకప్పుడు పసుపురంగు బడి బండి. ఆయమ్మ పనిలో చేరిన కొత్తలో ఇలాంటివి నాలుగుండేవి. ఒక్కో వీధిలో పాతికమంది పిల్లలు ముక్కులు చీదుకుంటూ, ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటూ ఎక్కేవారు. వాళ్లంతా పెద్దవాళ్లయి, పని దొరికే చోటికి వెళ్లిపోయారు. పెళ్లిళ్లూ అక్కడే, పురుళ్లూ అక్కడే. ఇక్కడ నాలుగు వ్యాన్లు రెండయ్యాయి, రెండు ఒకటైంది. ఆఖరి ఏడు ఐదో తరగతిలో ఒకే ఒక్క పిల్ల ఉండేది. ఆ పిల్లకు జ్వరమొస్తే తరగతికే సెలవు. చివరికి బడికి తాళం వేసి, ఆ గదుల్లోనే పగటిపూట పెద్దవాళ్లను చూసుకునే కేంద్రం తెరిచారు. బండికి తెల్లరంగు పూశారు గానీ సీట్లు మార్చలేదు. పిల్లల కొలతకు బిగించిన ఆ సీట్లలో పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంటారు.

ఆయమ్మనూ మార్చలేదు. అవే ఇళ్లు, అవే గేట్లు. అప్పట్లో గేటు దగ్గర నిలబడి పిల్లలకు టాటా చెప్పిన తల్లులే ఇప్పుడు బండి ఎక్కుతున్నారు. వీళ్లకు టాటా చెప్పడానికి ఎవరూ ఉండరు. తాళం వేసుకుని, తాళంచెవి ఆయమ్మ చేతికిచ్చి ఎక్కుతారు. ఆమె నడుముకు వేలాడే గుత్తి చూస్తే ఊళ్లో సగం ఇళ్లు ఆమెవే అనుకోవాలి.

అందరికన్నా ముందు ఎక్కేది, ఆఖర్న దిగేది ఆయమ్మ అత్తగారు. తొంభై ఏళ్లు. కళ్లు ఆనవు, మోకాళ్లు వంగవు, నోరు మాత్రం నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన మనిషిదే. పోయిన ఏడు ఒంటరిగా ఇంట్లో ఉండి, పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి, వంటిల్లంతా పొగ చేసింది. అప్పట్నుంచి ఆవిడకు కేంద్రంలో ఒక సీటు ఇప్పించుకుని, ఆయమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని పని చేసుకుంటోంది. భర్త పోయి పన్నెండేళ్లయింది. కూతురుంది. దూరాన, మొగుడూ పెళ్లాల సంపాదన మీద అటువైపు ముసలివాళ్లు నలుగురు పడి ఉన్న ఇంట్లో ఉంది. ఆ ఇంటికి అత్తను వెంటబెట్టుకుని ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

ఇరవై రెండు మందీ ఎక్కాక, మలుపు దగ్గర పై ఆఫీసునుంచి వచ్చిన ఒక అమ్మాయి బండి ఆపించింది. పాతికేళ్లుంటాయి. ఏడాది నివేదిక కోసం పెద్దల్ని లెక్కపెట్టుకోవాలంది. సరిగ్గా అదే సమయానికి ఆయమ్మ చెయ్యకూడని పని ఒకటి చేసింది. వ్యాన్‌లో ఎన్నడూ కూర్చోని మనిషి, నడుం తట్టుకోలేక అత్త పక్కన ఖాళీ సీట్లో కూలబడింది.

ఆఫీసమ్మాయి వేలితో ఒక్కొక్క తలా చూపించుకుంటూ చివరిదాకా వెళ్లి, "ఇరవై మూడు" అంది.

"ఇరవై రెండమ్మా" అంది ఆయమ్మ.

ఆ అమ్మాయి మళ్లీ లెక్కపెట్టింది. "ఇరవై మూడే వస్తున్నారండీ."

"ఇరవై మూడే! నేనూ లెక్కపెట్టా. నా లెక్క తప్పదు" అన్నాడు మాస్టారు.

ఆయమ్మకు అప్పటికి వెలిగింది. చప్పున లేచి నిలబడింది. "నేను ఆయమ్మనమ్మా" అంది. బండిలో రెండు మూడు నవ్వులు వినిపించాయి. ఆఫీసమ్మాయి నాలిక్కరుచుకుని, ఆ మొహమాటంలోనే అడిగేసింది. "సారీ అండీ. మీ వయసెంత?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ముందే అనుకుని ఉంటే ఏదో ఒక అంకె చెప్పేది. పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పీ చెప్పీ పాడైపోయిన నోరు. "అరవై ఎనిమిది" అనేసింది. ఆమె కన్నా రెండేళ్లు చిన్నవాడైన మాస్టారు తల వంచుకుని బెల్టు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం ఆఫీసు గదిలోకి పిలుపొచ్చింది. అది ఒకప్పటి రెండో తరగతి గది. ఆఫీసమ్మాయి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆ మర్యాద చూడగానే ఆయమ్మకు ఇది మంచి కబురు కాదని తెలిసిపోయింది.

"అరవై ఐదు దాటితే పనివాళ్ల కింద చూపించకూడదండీ. చూసుకోవాల్సినవాళ్ల కింద రాయాలి. రేపట్నుంచి..."

"చూసుకునేది నేనే కదమ్మా."

"నిజమే. కానీ రూలు అలా ఉంది."

"నన్ను తీసేస్తే ఎవరొస్తారు? రెండేళ్లుగా రెండో ఆయా కోసం బోర్డు పెట్టారు. ఒక్కరైనా వచ్చారా?"

ఆ అమ్మాయి కొత్తవాళ్లు వచ్చేదాకా డ్రైవరు చూసుకుంటాడంది. గుమ్మంలో నిలబడి వింటున్న డ్రైవరు, "నాకింకా అరవై ఒకటే అక్కా. నేను ఇంకా కుర్రాడి కిందే లెక్క" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు పాపం.

"మీరూ ఇక్కడికే రావచ్చండీ, హాయిగా కూర్చోవచ్చు" అంది ఆ అమ్మాయి మనస్ఫూర్తిగా. "కాకపోతే ఇంటికి ఒక్క సీటే. మీరైనా, మీ అత్తగారైనా."

ఆయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద అరవాలి? ఎదురుగా ఉన్నది మనవరాలి ఈడు పిల్ల. ఆ పిల్ల జీతం మీద మాత్రం ఎంతమంది ఆధారపడి ఉన్నారో! అత్త ఇంట్లో ఉంటే ఆయమ్మ గడప దాటలేదు. గడప దాటకపోతే నాలుగిళ్లలో అంట్లు తోముకునే దారి కూడా ఉండదు. ఇద్దరూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి.

"సీటు అత్తయ్యకే ఉంచండి" అంది. "నేను ఎక్కడో అక్కడ పని చూసుకుంటాను. ఆ ఒక్కటీ తీసేయకండమ్మా."

"తీసేయను. నాదే పూచీ" అంది ఆఫీసమ్మాయి. కాగితం మీద అప్పటికప్పుడే రాసి చూపించింది. ఆయమ్మ ప్రాణం కుదుటపడింది. ముప్పై తొమ్మిదేళ్ల పని పోయిన రోజున మనిషికి ప్రాణం కుదుటపడటమేమిటని అడిగేవాళ్లు అక్కడెవరూ లేరు.

సాయంత్రం ఒక్కొక్క భుజమూ తట్టి, ఇరవై రెండు లెక్కపెట్టి అందర్నీ ఎక్కించింది. అత్త కిటికీ పక్కన కూర్చుంటూ, "ఏమే, మొహం అలా పెట్టావేం? ఎవరైనా పోయారా?" అంది.

"ఎవరూ పోలేదు. కాస్త కళ్లు మూసుకోండి అత్తయ్యా."

జన్మలో మొదటిసారి ఆవిడ కోడలి మాట విన్నది.

పద్నాలుగో ఇంటి దగ్గర ఒకావిడను దించి వచ్చి, అత్త తల కిటికీకి కొట్టుకుంటోందని సర్దబోయింది ఆయమ్మ. ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. మెడ మీద పెట్టి చూసింది. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు, ఒకరు చెప్పక్కర్లేదు. నోటిదాకా వచ్చిన కేకను మింగేసింది. బండిలో ఇంకా ఏడుగురున్నారు. అందులో ఇద్దరికి గుండె జబ్బు. కేకేస్తే ఎంతమందిని మోసుకెళ్లాలో తెలియదు. అత్త భుజాల మీద శాలువా నిండుగా కప్పి, తల తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. ఇల్లు వచ్చినప్పుడల్లా ఆ తలను నెమ్మదిగా సీటుకు ఆనించి లేచింది. ఒక్కొక్కరినీ దించి, తలుపు తీసి, లైటు వేసి, తాళంచెవి చేతిలో పెట్టి వచ్చింది. కన్నీళ్లు వాటి మానాన అవి కారుతున్నాయి.

అత్త కాక ఆఖర్న మిగిలిన మాస్టారు దిగుతూ ఆగాడు. "పొద్దున నేను అలా అనకుండా ఉండాల్సింది."

"లెక్క లెక్కే కదండీ. కుడికాలు ముందు పెట్టండి."

ఈసారి ఆయన కుడికాలే ముందు పెట్టాడు.

బండి ఖాళీ అయ్యాక, "తమ్ముడూ, అత్తయ్య పోయింది" అంది. డ్రైవరు బండి పక్కకు తీసి ఆపాడు. తర్వాత ఆఫీసమ్మాయికి ఫోన్ చేశాడు. నిశ్శబ్దంగా ఉన్న బండిలో అవతలి మాటలు స్పష్టంగా వినిపించాయి. అయ్యో అంది, ఎలా జరిగిందంది, నిజంగానే బాధపడింది. ఫోన్ పెట్టేసే ముందు, ఎంతో దయగా, "ఆయమ్మగారిని బెంగ పెట్టుకోవద్దని చెప్పండి. ఆ సీటు ఇక ఆవిడకే ఇచ్చేస్తాను" అంది.

ఇంటి ముందు డ్రైవరూ, ఇరుగుపొరుగున ఉన్న ఇద్దరు ముసలివాళ్లూ కలిసి అత్తను లోపలికి మోశారు. ఎత్తగలిగిన వయసువాళ్లు వీధిలో ఎవరూ లేరు. మూడుసార్లు దింపి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తారు. ఆయమ్మ వెనకాలే అత్త కాళ్లు పట్టుకుని నడిచింది.

వ్యాన్ తలుపు తీసే ఉండిపోయింది. కిటికీ పక్క సీటు కమ్మీకి అత్త చేతికర్ర వేలాడుతోంది. దాని కొసన రబ్బరు అరిగిపోతే జారకుండా ఆయమ్మ ఎప్పుడో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దారంతో గట్టిగా, పదిసార్లు ముడి వేసింది.