సమ్మవ్వ సగం చిట్కాలు

గోదావరిఖనిలో ఆ వరస క్వార్టర్లలో ఎవరింట్లో పాలు విరిగినా, పప్పు ఉడకకపోయినా, అన్నం అడుగంటి మాడు వాసన కొట్టినా, ఆడవాళ్ల కాళ్లు వాటంతటవే సమ్మవ్వ గుమ్మంవైపు నడిచేవి. ఆమె దగ్గర లేని చిట్కా లేదు. అయితే ఆమె పూర్తిగా చెప్పిన చిట్కా కూడా లేదు.

అబద్ధం చెప్పేది కాదు పాపం. చెప్పిందంతా నిజమే. ఒక్క ముక్క మాత్రం గొంతు దాటనిచ్చేది కాదు. పాలు పొంగకుండా ఉండాలంటే గిన్నె మీద గంటె అడ్డంగా పెట్టమని శోభకు చెప్పింది, అది కట్టె గంటె కావాలని చెప్పలేదు. శోభ స్టీలు గంటె పెట్టి మూడు రోజులు వరసగా పొయ్యి కడుక్కుంది. వెల్లుల్లిపాయలు ఎండలో పెడితే పొట్టు ఊడొస్తుందని యమునకు చెప్పింది, ముందు నూనె చేత్తో రుద్దాలని చెప్పలేదు. యమున ఎండలో కూర్చుని కూర్చుని తను నల్లబడింది గానీ పొట్టు ఊడలేదు. పచ్చిమిరపకాయలు కాగితం పరిచిన డబ్బాలో పెట్టమని అనసూర్యకు చెప్పి, తొడిమెలు తీయాలన్న మాట మింగేసింది. వారం తిరక్కుండానే డబ్బాకు బూజు పట్టింది.

వాళ్లు ముఖాలు వేలాడేసుకుని మళ్లీ వస్తే సమ్మవ్వ నొచ్చుకున్నట్టే ముఖం పెట్టేది. "అయ్యో బిడ్డా, నీ చెయ్యి అచ్చిరాలేదే. తే ఇటు, నేను చేసిస్త. గా పీట మీద కూసో జెర." పీట మీద కూర్చున్నవాళ్లు గంటకు గానీ లేచేవాళ్లు కాదు. చాయ్ వచ్చేది, కబుర్లు వచ్చేవి, ఊళ్లో సంగతులన్నీ ఆ పీట చుట్టూ తిరిగేవి.

సమ్మవ్వకు కావలసింది ఆ గంటే. ఒక్కగానొక్క కూతురు పెళ్లయి పెద్దపల్లిలో ఉంది. మొగుడు పోశానికి బొగ్గుబాయిలో ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతాడు. ఆ నిశ్శబ్దమంటే సమ్మవ్వకు భయం. చిట్కా మొత్తం చేతిలో పెట్టేస్తే మళ్లీ తన గుమ్మం ఎవరు తొక్కుతారు? ఆమె లెక్క అంతే.

పోశానికి ఈ గుట్టు తెలుసు. ఒకసారి అన్నం తింటూ అననే అన్నాడు. "బాయిల షిఫ్టు మారేటప్పుడు ఎక్కేటోడు దిగేటోనికి అన్నీ చెప్పి పోతడే. పైకప్పు ఎక్కడ పగిలింది, నీళ్లు ఎక్కడ ఊరుతున్నయి, అన్నీ. సగం చెప్తె మనిషే పోతడు."

"నీ బాయిల మనుషులు పోతరు. నా వంటింట్ల పప్పుకు ఎవడు సచ్చిండు?" అంది సమ్మవ్వ, ఇంకో ముద్దకు నెయ్యి వేస్తూ.

పోశానికి తెలిసినట్టే, మెల్లగా వరసకంతా తెలిసింది. తెలిసినా ఎవరూ ఆమె ముఖం మీద అనలేదు. సమ్మవ్వ ఏం చెప్పినా దానికి ఒకటి మనమే కలుపుకోవాలని మాత్రం చెవులు కొరుక్కున్నారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లకు కూడా నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పినట్టు ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు.

అట్లా ఉండగా రెండు వేల పదకొండులో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బాయిలు బందయ్యాయి. మగవాళ్లంతా పగటిపూట కూడా ఇళ్లలో కనపడేసరికి క్వార్టర్లు ఇరుకైపోయాయి. ఒకరోజు యూనియన్ పని చూసే సదయ్య వచ్చి, రేపు చౌరస్తాలో వంటా వార్పు అన్నాడు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండాలి, అక్కడే కూర్చుని తినాలి. బసంత్‌నగర్ సిమెంటు లారీలతో సహా ఏ బండీ కదలొద్దు. కదలలేని లారీ డ్రైవర్లకు కూడా పెట్టాలి.

"మూడువందల మంది తింటరు. అన్నం మగోళ్లం మేం వండుతం. పప్పు మీ లైను చేతిలె, పులిహోర ఎన్క లైనోళ్ల చేతిలె. పప్పు గంటె నీకే ఇస్తున్న సమ్మక్కా," అన్నాడు సదయ్య.

వెనక లైను నుంచి వచ్చిన కనకవ్వ అక్కడే ఉంది. ఆమెకూ సమ్మవ్వకూ ఉప్పూ నిప్పూ. కొంగు నడుముకు చుట్టి అందరూ వినేట్టు అంది. "గంటె పడితె సరిపోతదా? రేపు ఎవరి గంజుల మిగుల్తదో వాళ్లు ఇగ మల్ల వంటా వార్పుల గంటె ముట్టద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న పో," అంది సమ్మవ్వ. అనడం అన్నది గానీ ఇంటికొచ్చాక లెక్క చూసుకుంది. అంత పెద్ద వంటగిన్నెలో, ఆ గంజులో, పప్పు మిగిలిందంటే గంటె ఒక్కటే కాదు పోయేది. చిట్కాల సమ్మవ్వ అనే పేరు పోతుంది. పేరు పోతే పీట ఖాళీ.

అందుకని తెల్లారి చౌరస్తాలో సమ్మవ్వ ఎన్నడూ చేయని పని చేసింది. ఉన్నదంతా చెప్పింది. గంజు పొయ్యి మీదికెక్కించే ముందు అడుగుకు బయటివైపు తడి మట్టి పూయించింది, పొగ మసి మట్టికే అంటుకుని కడిగితే పోతుందని. పది కిలోల కందిపప్పులో ముందే పసుపుతో పాటు రెండు గంటెల నూనె వేయించింది, నురుగు పొంగకుండా. శోభనూ యముననూ అనసూర్యనూ దగ్గరికి పిలిచి వేళ్లు ముడిచి మరీ చెప్పింది.

"పప్పు మెత్తగయ్యేదాంక ఉప్పు ముట్టద్దు, పప్పు ఉడకది. మెత్తగయినంక దొడ్డుప్పు పది పిడికిళ్లు. పదే. నేను ఇంటికి పోయి ఇంగువ డబ్బ తెస్త, మర్చిపోయి వచ్చిన. గింతే, ఇంకేం లేదు."

గింతే, ఇంకేం లేదు. ఆ మాటే కొంప ముంచింది. సమ్మవ్వ నోటి నుంచి ఆ మాట విన్నాక అనుమానం రాకుండా ఎవరికుంటుంది?

ఇంగువ డబ్బా పట్టుకుని సమ్మవ్వ తిరిగొచ్చేసరికి పప్పు కుతకుత ఉడుకుతోంది. కమ్మని వాసన. సంతోషంగా గంటెతో ఇంత అరచేతిలో పోసుకుని నాలుకకు రాసుకుంది. రాసుకున్నది రాసుకున్నట్టే ఉమ్మేసింది.

"ఎవ్వరే ఉప్పేసింది?"

"నువ్వు చెప్పినట్టే అవ్వా. పది పిడికిళ్లు. ముగ్గురం ఉండి లెక్కపెట్టినం," అంది శోభ. యమున తలూపింది. అనసూర్య పొయ్యిలో కట్టె సర్దుతూ తల ఎత్తలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం.

సమ్మవ్వ ఉప్పు సంచి ఎత్తి చూసింది. పొద్దున నిండుగా ఉన్న సంచి పొట్ట వెనక్కి అంటుకుపోయి ఉంది. అది ముగ్గురి ముఖాల ముందూ ఆడించింది. మొదట అనసూర్య జారింది.

"నువ్వెట్లయిన ఒకటి దాస్తవు గదా అవ్వా. పదంటె పన్నెండనుకున్న. వీళ్లు అటు తిరిగినప్పుడు రెండు పిడికిళ్లేసిన."

"నువ్వేసినవా?" యమున నోరు తెరిచింది. "మరి నేను గూడ గట్లనే అనుకోని రెండేస్తినే!"

శోభ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండు వేళ్లు చూపించింది.

ముగ్గురూ ఎవరికి వాళ్లే, పక్కవాళ్లకు కూడా తెలియకుండా, సమ్మవ్వ గుట్టు తనే పట్టేశానని మురిసిపోతూ వేసిన ఉప్పు అది. సమ్మవ్వకు కోపం రావాలి. రాలేదు. జీవితంలో ఒకే ఒక్కసారి నిజం మొత్తం చెబితే, ఆ నిజమే గంజులో పడి ఇట్లా అయిందని ఏడుపొచ్చింది. పక్క పొయ్యి దగ్గర పులిహోర కలుపుతున్న కనకవ్వ మెడ సాచి ఇటే చూస్తోంది. దూరంగా డప్పుల మోత వినపడుతోంది. ర్యాలీ చౌరస్తాకు రావడానికి గంట కూడా లేదు.

"ఇనుండ్రి," అంది సమ్మవ్వ. "ఇంకో గంజు తెచ్చి సగం అందుల పొయ్యుండ్రి. రెండిట్ల మంచినీళ్లు, చింతపండు పులుసు, ఉప్పెయ్యని సోరకాయ ముక్కలు. పల్చగయితది గావట్టి బియ్యప్పిండి చల్లనీళ్లల్ల కలిపి పోసి మరిగియ్యాలె. సదయ్యకు చెప్పుండ్రి, అన్నంల ఉప్పు ఎయ్యద్దని. పప్పు పోయి పప్పుచారయితది, ఎవ్వలకు తెల్వది. ఉరుకుండ్రి!"

ఎవరూ ఉరకలేదు. యమున చేతులు కట్టుకుని నిలబడింది. "ఇందుల ఏం దాస్తున్నవో అది ముందు చెప్పు. మల్ల మేం ఏదో కలిపి ఇంక ఖరాబు చేసుడు వద్దు."

"సమ్మక్క తల్లి మీద ఒట్టే, ఏం దాస్తలేను!"

"మొన్న ఎల్లిగడ్డల ముచ్చటప్పుడు గూడ గిదే ఒట్టు పెట్టినవ్ అవ్వా."

అన్నం గంజు దగ్గర నుంచి పోశం ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ తీరిగ్గా అన్నాడు. "ఉప్పు తిన్నోడు నీళ్లు తాగక తప్పదే. షిఫ్టు మారుతున్నది, అన్నీ చెప్పి ఎక్కు."

డప్పులు దగ్గరయ్యాయి. సమ్మవ్వ మొగుడి వంక ఒక చూపు చూసి, కొంగు బిగించి, గుండె రాయి చేసుకుంది.

"శోభా, పాల మీద పెట్టేది కట్టె గంటెనే. స్టీలుది కాదు."

"ఆఁ?" శోభ కళ్లు పెద్దవయ్యాయి. "మూడు దినాల పాలు! మా ఆయనతోని ఎన్ని మాటలు పడ్డనో ఎరికేనా నీకు?"

"యమునా, ఎల్లిగడ్డలకు ముందుగాల నూనె రుద్దాలె. అనసూర్యా, మిరపకాయలకు తొడిమెలు తియ్యాలె, తడి లేకుంట తుడవాలె. కాకరకాయకు ఉప్పు రాసినంక పిండాలె, అది గూడ చెప్పలే. ఇడ్లి పప్పుల మెంతులు నానెయ్యాలె, చెప్పలే. ఇంక శానున్నయి, అన్నీ చెప్త. మీరు మల్ల మల్ల రావాల్నని దాసిన. మీరు రాకుంటె నాకు పొద్దుపోదే. అందుకే దాసిన. ఇప్పుడు నమ్ముండ్రి, పిండి కలపుండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తిట్టడానికి చాలా ఉంది గానీ టైము లేదు. శోభ రెండో గంజుకు పరుగెత్తింది, యమున సోరకాయలు కోయడానికి కూర్చుంది, అనసూర్య పిండి కలిపింది. ఈసారి ఎవరూ ఒక్క రవ్వ ఎక్కువ వేయలేదు. పోపు పడ్డాక ఇంగువ వాసన లారీల వరసదాకా పోయింది.

ర్యాలీ వచ్చి రోడ్డు మీద బంతులు తీరి కూర్చుంది. ఎండ మండిపోతోంది. ఆ ఎండలో పులిహోర రెండు ముద్దలు తినేసరికి జనానికి గొంతు ఎండుకుపోయింది. పప్పుచారు మాత్రం దొన్నెల్లో పోయించుకుని తాగారు. లారీ డ్రైవర్లు మూడోసారి కూడా వచ్చారు. రెండు గంజులూ ఊడ్చినట్టయ్యాయి. కనకవ్వ గంజులో పులిహోర మోకాలెత్తు మిగిలింది.

కనకవ్వ తానే దొన్నె పట్టుకుని వచ్చింది. "పప్పన్నరు, చారు పోస్తున్నరేంది?"

"గీ ఎండకు పప్పెక్కడ దిగుతది చెల్లె? మీ కోసమనే చారు చేసిన," అంది సమ్మవ్వ, కన్నార్పకుండా.

ఇంత తాగి చూసి, కాసేపు బెట్టు చేసి, చివరికి కనకవ్వ ఎట్లా చేశారని అడిగింది. సమ్మవ్వ నోరు తెరిచేలోపే శోభ అందుకుని ఓపిగ్గా చెప్పింది. పసుపు, నూనె, చింతపండు, సోరకాయ, ఇంగువ అన్నీ చెప్పి, బియ్యప్పిండి ఊసెత్తకుండా చేతులు దులుపుకుంది. "గింతే అత్తా, ఇంకేం లేదు," అంది. సమ్మవ్వ పక్కకు తిరిగి నవ్వాపుకోలేక దగ్గింది.

ఆ నవ్వు ఇంటిదాకానే ఉంది. మర్నాడు పీట వేసి కూర్చుంటే ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అన్నీ చెప్పేశాక ఎందుకొస్తారు? పోశం చాయ్ పెట్టమంటే పెట్టింది గానీ తను తాగలేదు. ఊరంతా మెచ్చుకున్న గంటె గోడకు వేలాడుతోంది, దాన్ని చూస్తే కూడా దిగులుగానే ఉంది.

మూడో రోజు శోభ గిన్నె నిండా మక్కగారెలు తెచ్చింది. కరకరలాడుతున్నాయి, చేతికి చుక్క నూనె అంటడం లేదు. ఇన్నేళ్ల వంటలో సమ్మవ్వ అట్లాంటివి వేయలేదు. ఉండబట్టలేక అడిగింది. "నూనె తాగకుంట ఎట్ల చేసినవే?"

శోభ గుమ్మంలోనే నిలబడి చెప్పింది. లేత మొక్కజొన్నలు కాకుండా కాస్త ముదిరినవి తీసుకోవాలి, నీళ్లు పోయకుండా రుబ్బాలి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉల్లిగడ్డ వేయాలి. నూనె బాగా కాగాలి. చెప్పి, పనుందంటూ వెళ్లిపోయింది.

సమ్మవ్వ ఆ సాయంత్రమే చేసింది. గారెలు నూనెంతా తాగేసి చేతిలో పెట్టుకుంటే వంగిపోయాయి. రెండో వాయి కూడా అంతే. పోశం ఒకటి పిండి చూపించి, దీంతో నెల రోజులు దీపం పెట్టుకోవచ్చన్నాడు.

సమ్మవ్వ మూకుడు దించి, నడుం మీద చేతులు పెట్టుకుని గారెల వంక చూస్తూ నిలబడింది. శోభ చెప్పినవన్నీ వేలు మీద లెక్కపెట్టుకుంది. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు వెలిగింది.

"ఓసి దీని..." అని మొదలుపెట్టి తిట్టు పూర్తి చేయలేకపోయింది. నవ్వు తన్నుకొచ్చింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, నూనె కారుతున్న గారెల గిన్నె చంకన పెట్టుకుని బయటికి నడిచింది. ఇరవై ఏళ్లలో అందరూ ఆమె గుమ్మానికి రావడమే గానీ, ఆమె ఇంకొకరి గుమ్మం తొక్కింది లేదు.

శోభ ఇంటి తలుపు తీసే ఉంది. లోపల యమునా అనసూర్యా చాప మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో నాలుగు చాయ్ గ్లాసులున్నాయి. ఒకటి నిండుగా, ఎవరూ ముట్టకుండా ఉంది.

"గింతసేపా అవ్వా? చాయ్ సల్లారవట్టె," అని శోభ పీట జరిపింది. "నీ చెయ్యి అచ్చిరానట్టున్నది. కూసో జెర, నేను చేసిస్త."