ఆకాశం వంతు

గాలి... మళ్ళీ గాలి. మంచు కింద గడ్డి కనిపిస్తూనే ఉంది. పైన గాజులా గడ్డకట్టింది కదా — ఏ మూతికీ అందలేదు.

ఖంగాయ్ కొండల కింద ఆ చలికాలం గొర్రెలు నిలబడ్డచోటే కొయ్యబారిపోయాయి.

మేకలూ పోయాయి.

నొర్జ్‌మాకు మిగిలింది ఒక్క ఆవు. నిండుచూలుతో ఉంది. మూడు రోజులుగా లేవలేదు.

అది లేవకపోతే బతకదు. బతికి ఈనకపోతే పాలు లేవు. పాలు లేకపోతే... గుడారంలో ఇద్దరు పిల్లలు. పిండి కలిపిన ఉప్పు టీ తాగి తాగి, ఆకలని అడగడం కూడా మానేశారు. ఆమెకు ఆ మౌనమే భయం.

గడ్డి తెస్తానని వెళ్ళిన భర్త తిరిగి రాలేదు. దారులు మూసుకుపోయాయి. నొర్జ్‌మా కొమ్ములు పట్టేది. అత్త — ఆమె పేరు ఖొర్లో — తోక పట్టేది. లేపడం. కూలడం. మళ్ళీ లేపడం...

చివరికి నొర్జ్‌మా గుడారం లోపలి ఉన్ని పొర ఊడదీసింది. పెళ్ళికి అత్త తన చేతులతో చేసిన పొర అది. దాన్ని కోసి ఆవుకు చొక్కా కుట్టబోయింది. కొంపను వలిచి గొడ్డుకు తొడుగుతావా అని అత్త విరుచుకుపడుతుందనుకుంది.

అత్త సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.

మర్నాడు ఆవు తనంతట తానే లేచింది.

నాలుగోనాడు ఈనింది.

దూడకు వదిలాక సగం చెంబు జున్నుపాలు! నొర్జ్‌మా మంచులోనే చతికిలబడి ఏడ్చింది. గుండెల్లో బరువంతా దిగేదాకా ఏడ్చింది.

కానీ మొదటి పాలు ఆకాశానివి. చెక్కగరిటెతో నాలుగు దిక్కులా చల్లాకే ఎవరైనా నోట పెట్టాలి. ఒకసారి మరిచినందుకు అత్త ఏడాదంతా దెప్పిపొడిచింది. నొర్జ్‌మా గరిటె ముంచింది. చెయ్యి లేవలేదు. గుమ్మంలో పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

ఖొర్లో గరిటె లాక్కుంది.

"ముందు పిల్లలకు పొయ్యవే."

"అత్తయ్యా... మరి ఆకాశానికి?"

ముసలామె తలెత్తి పైకి చూసింది.

"చలికాలమంతా మన మందను మింగింది. దానికింకా అరిగుండదులే. ఈ పూటకు ఆగుతుంది."

పిల్లలు తాగారు — గటగటా, ఊపిరాడకుండా. గడ్డి మొలవడానికి ఇంకా నెల పడుతుంది. దారి ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు...

అయినా ఆ పూట నొర్జ్‌మా దేనికీ భయపడలేదు.