ఇరవై మూడో నంబరు ఎవరికి?

అరకు శుక్రవారం సంతలో నా కుట్టుమిషను చింతపండు అమ్మే ఈశ్వరమ్మ పక్కన ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే చోటు. మిషను మారింది, పైన కట్టే పట్టా మారింది, నేను మాత్రం అక్కడే ఉన్నాను.

ఆ వారం నా దగ్గరికి పది పసుపుపచ్చ బనియన్లు వచ్చాయి. ఆశ్రమ పాఠశాల ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టువి. సోమవారం విశాఖపట్నంలో పోటీలు. ఒక్కో బనియను ముందూ వెనకా ఎర్రగుడ్డతో నంబరు కత్తిరించి కుట్టాలి. వ్యాయామం మాస్టారు జగన్నాథరావు గారు ఇచ్చిన కాగితంలో ఎనిమిది పేర్లకి ఎనిమిది నంబర్లు ఉన్నాయి. చివరి రెండు పేర్లకీ ఒకటే నంబరు, ఇరవై మూడు. పక్కన ప్రశ్న గుర్తు.

"ఇద్దరికీ ఒకటే ఎలా కుడతాను మాస్టారూ?"

"కుట్టకూడదు. ఒకే నంబరుతో ఇద్దరు దిగితే రిఫరీ ఒప్పుకోడు. నీ మేనకోడలికీ అదే కావాలట, ఆ బేబికీ అదే కావాలట. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. సాయంత్రం పంపిస్తాను, నువ్వే తేల్చు పోతురాజూ."

పెద్ద చదువులు చదివినవాళ్లు తేల్చలేనిది అయిదో తరగతితో బడి మానేసినవాడి నెత్తిన పెట్టడం నాకు కొత్త కాదు. సరేనన్నాను.

మా అక్క కూతురు సత్యకుమారి, బేబి మూడో తరగతి నుంచి హాస్టల్లో ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్లు. పది రోజులుగా మాటల్లేవు. సాయంత్రం ఒకే జీపులో వచ్చారు, ఒకతి ముందు సీట్లో, ఇంకొకతి వెనక చువ్వ పట్టుకుని వేలాడుతూ. మిషనుకి చెరో పక్కా నిలబడ్డారు.

"మావయ్యా, ఇరవై మూడు జోర్డాన్‌ది. ఆరుసార్లు ఫైనల్ ఆడినాడు, ఆరుసార్లూ గెలిసినాడు. ఒక్కసారీ ఓడలేదు. ఇంకేటి కావాల?" అంది సత్యకుమారి.

బేబి నా వైపు తిరిగి చెప్పింది, సత్యకుమారికి వినబడేట్టు. "లెబ్రాన్ది కూడా ఇరవై మూడే అని సెప్పు మావయ్యా ఆ గుంటకి. పాయింట్లు అందరికన్నా ఎక్కువ కొట్టినాడు. నలభై దాటినా ఇంకా ఆడతన్నాడు."

"పదిసార్లు ఫైనల్‌కెల్లి ఆరుసార్లు ఓడిపోనాడని కూడా సెప్పమను."

"పదిసార్లు ఎల్లడానికి దమ్ముండాల. ఇంట్లో కూకున్నోడు ఏ ఫైనల్లోనూ ఓడడు."

"సంతకి జీపు మారినట్టు టీములు మారినాడు!"

"ఏ జీపెక్కినా గెలిపించినాడు!"

చింతపండు తూస్తున్న ఈశ్వరమ్మ తక్కెడ ఆపేసింది. "ఎవులే ఆళ్లు? మన పక్కోళ్లేనా?"

"అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడేవోళ్లు మామ్మా."

"ఆళ్లకి తెలుసా, మీరిద్దరూ ఆళ్ల కోసం కొట్టుకు సత్తన్నారని?"

"అందరికన్నా ఎక్కువసార్లు గెలిసినోడు ఎవుడు మరి?" అని నేనడిగాను.

"బిల్ రసెల్. పదకొండుసార్లు," అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అని, ఒకేసారి మాట కలిసినందుకు చెరో పక్కకి మొహం తిప్పుకున్నారు.

"అయితే ఆడే పెద్దోడు కదా?"

"నీకు తెల్దు మావయ్యా. అప్పుడు టీములు తక్కువ."

నాకు తెలియదు, నిజమే. వాళ్లకి తెలిసినదంతా మాస్టారి ఫోనులో చూసినదే. కానీ బంతి పట్టుకుంటే ఆ ఇద్దరూ ఎలా ఆడతారో నేను చూశాను. బేబి అటు చూస్తూ ఇటు విసురుతుంది. అక్కడ సత్యకుమారి ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది.

"ఆ నంబరు ఇయ్యకపోతే నాను సోమవారం జీపెక్కను," అంది సత్యకుమారి.

"నానూ ఎక్కను," అంది బేబి.

"సంతలో ఓ తిరుగు తిరిగి రండి. ఈలోగా తేలుస్తాను," అన్నాను.

నా చిన్నప్పుడు, మా ఊరి బడిలో అయిదో తరగతి అయ్యాక హాస్టల్లో ఒక్కటే సీటు ఖాళీ ఉందన్నారు. నా జతగాడు భీమన్ననీ నన్నూ పక్కపక్కన నిలబెట్టి ఆ బడి మాస్టారు లెక్కలు అడిగారు. మూడింట్లో వాడు రెండు చెప్పాడు, నేను ఒకటి. వాడు ట్రంకుపెట్టె పట్టుకుని వెళ్లాడు. ఆ రోజు వాడు నన్ను పిలిచాడు, నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. ఇప్పుడు వాడికి పాడేరులో ఉద్యోగం. సంతలో ఎదురైతే వాడు ఫోను చూసుకుంటాడు, నేను సూదిలో దారం ఎక్కించుకుంటాను. సీటు పోయినందుకు మండుతుందని అందరూ అనుకుంటారు. మండేది అందుక్కాదు. వాడితో కలిసి వాగులో పీతలు పట్టినంత బాగా తరవాత ఎవరితోనూ పట్టలేదు.

కత్తెర తీసి ఎర్రగుడ్డ మీద రెండూ, మూడూ కత్తిరించాను, పెద్దవి వీపుకి, చిన్నవి ఛాతీకి. రెండు నిమిషాలు వాటిని చూస్తూ కూర్చున్నాను. మాస్టారి కాగితంలో ఒంటి అంకెలు ఎవరికీ లేవు. మిషను తొక్కాను.

పిల్లలు తిరిగొచ్చి బనియన్లు విప్పి చూసుకున్నారు. సత్యకుమారిది రెండు. బేబిది మూడు.

"ఏటి మావయ్యా ఇది? తప్పు కుట్టేసినావు!"

"తొడుక్కుని అటు తిరిగి నిలబడండే ముందు."

చొక్కాల మీదే తొడుక్కున్నారు. నాకు ఎడమ పక్క సత్యకుమారి, కుడి పక్క బేబి నిలబడ్డారు, మధ్యలో మనిషి పట్టేంత ఎడంగా.

"దగ్గిరికి రండి. ఇంకా. భుజాలు ఆనాల."

ఈశ్వరమ్మకి అంకెలు వచ్చు, బస్సు నంబర్లు చదువుతుంది. వెనక నుంచి చూసి, "ఇరవై మూడు," అంది గట్టిగా.

ఇద్దరూ మెడలు వెనక్కి తిప్పారు. ఒకరి వీపు ఒకరు చూసుకున్నారు. ముందు బేబికి నవ్వొచ్చింది, ఆపుకోబోయి ముక్కుతో నవ్వింది. దాంతో సత్యకుమారి కూడా నవ్వేసింది. "ఓలే, కదలకే, ఇన్నాళ్లకి మనకొచ్చిన నంబరు పోద్ది!" అని బేబి చెయ్యి పట్టుకుంది. పది రోజుల తరవాత అదే మొదటి మాట.

అలాగే చేతులు వదలకుండా జంటగా గుండ్రంగా తిరిగి నా వైపుకొచ్చారు, పక్కలు మారిపోయాయి. అప్పుడు చూసుకున్నాను నా తప్పు. వీపుల గురించి ఆలోచించానే గానీ, ముందు వైపు సంగతి గుర్తే లేదు. ఎడమ పక్క మూడు, కుడి పక్క రెండు.

"ముప్పై రెండయిపోనాది," అని ఈశ్వరమ్మ పెదవి విరిచింది.

నేను కత్తెర అందుకోబోయాను. సత్యకుమారి ఆపింది. "ఉండు మావయ్యా. ముప్పై రెండు మ్యాజిక్ జాన్సన్‌ది."

"అవునే! ఆడూ పెద్దోడే. ఆళ్లిద్దరి తరవాత మూడోవోడు ఆడే," అంది బేబి.

"ఆడు మూడా? నాలుగు. మూడు రసెల్."

"ఏ లెక్కన సెప్తన్నావే?"

మిగతా బనియన్లు సంచిలో కుక్కి ఇచ్చాను. "బేగి ఎల్లండే, జీపు ఎల్లిపోద్ది."

వెళ్తూ వెళ్తూ సత్యకుమారి వెనక్కి తిరిగింది. "నువ్వు సెప్పు మావయ్యా, మూడోవోడు ఎవుడు?"

"మూడేటే? పదకొండుసార్లు గెలిసినోడే మొదటోడు."

ఇద్దరూ ఒక్కటై నా మీదకి లేచారు. నాకు ఆట తెలియదట, నోరు మూసుకుని మిషను తొక్కుకోమన్నారు. జీపులో వెనక చువ్వ దగ్గర పక్కపక్కన కూర్చుని, మలుపు తిరిగేదాకా నన్ను తిడుతూనే ఉన్నారు.