కయాక్ ఉమ్మేసిన స్క్రూలు

పొద్దున్నే సముద్రపు ఒడ్డునున్న షెడ్డు తలుపు తీయగానే వైర్లక్క ముందు చీపురు పడుతుంది. ఒక్కరే తెడ్డేసుకుని వెళ్ళే చిన్న కయాక్ పడవలకు బ్యాటరీలు, చేపల్ని చూపించే తెరలు, గాలం కర్ర నిలబెట్టే గొట్టాలు బిగించడం ఆమె పని. ఆ రోజు చీపురుకు గుప్పెడు స్క్రూలు తగిలాయి.

"మళ్ళీ ఉమ్మేసిందిరా!" అంది తమ్ముడితో.

తమ్ముడి పసుపు కయాక్ వరసే అంత. నచ్చని బిగింపైతే తెల్లారేసరికి రంధ్రాలు పూడ్చుకుని స్క్రూలు కింద పడేస్తుంది. వచ్చేపోయేవాళ్ళు కూడా కాళ్ళకు గుచ్చుకుంటాయని పక్కకి నడుస్తారు, అంతే.

ఉప్పునీటికి తుప్పుపట్టిన పాత సామాను తీసి ఈ వారమే వైర్లక్క దానికి కొత్తది పెడుతోంది. మనిషిని అందులో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని చెయ్యి చాపమంటుంది. చెయ్యి వాలిన చోట సుద్దముక్కతో గీసి, గొట్టం అక్కడ బిగిస్తుంది. నీళ్ళ మీద తడుముకుంటే కుదరదు కదా!

తమ్ముడి భుజం జారినప్పటినుంచీ వేట ఆగింది, ఇల్లు గడవడం కష్టమైంది. పడవల్లో పెరిగిన అతని భార్య "నేను వెళ్తానండీ" అని రోజూ అడుగుతూనే ఉంది. అతను ససేమిరా అంటున్నాడు.

"మళ్ళీ కొలతలు తియ్యక్కా," అని తమ్ముడు కయాక్‌లో కూర్చున్నాడు. చాచిన చెయ్యి సగంలోనే ఆగిపోయింది. పళ్ళు బిగించాడు గానీ మొహం పాలిపోయింది.

వైర్లక్క నుదురు కొట్టుకుంది. "నా బుద్ధి గడ్డి తింది. ఎక్కేదెవరో చూసుకోకుండా నిన్ను కొలుస్తున్నాను. దిగు. నువ్వు రా మరదలా."

తలుపు దగ్గరున్న తమ్ముడి భార్య "వచ్చా వదినా," అంటూనే ఎక్కి కూర్చుంది. కళ్ళు మూసుకుంది. చెయ్యి తడబడకుండా వాలింది. వైర్లక్క గొట్టాన్ని బెత్తెడు ముందుకు జరిపి, తెరను పక్కకు తిప్పి బిగించింది.

"తెల్లారనీ, ఈ బిగింపు సంగతీ తేలుతుంది," అని తమ్ముడు విసవిసా వెళ్ళిపోయాడు.

మర్నాడు చీపురుకంటే ముందే వచ్చాడు. నేలంతా వెతికాడు, కయాక్ కిందకీ వంగి చూశాడు. ఒక్క స్క్రూ లేదు. గొట్టం పట్టుకుని మంచి చేత్తో లాగాడు. కదల్లేదు. అతనికి ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు దిగినట్టూ అయింది.

వెనకాల భార్య నిలబడి ఉంది. అతను ఆపదలో ఊదడానికి ఇన్నేళ్ళూ తన మెడలో ఉంచుకున్న విజిల్ తీసి ఆమె మెడలో వేశాడు.

"తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటుంది. ఒడ్డు వెంటే రా."

"తెలుసులెండి. నేనొచ్చేసరికి వంట చేసి ఉంచండి. ఉప్పు మాత్రం చూసి వెయ్యండి!"

వైర్లక్క నవ్వు ఆపుకోలేకపోయింది. అతనూ నవ్వేశాడు. మంచి చెయ్యి ఆనించి, ఆమె ఎక్కిన కయాక్‌ని తనే నీళ్ళలోకి నెట్టాడు.