మూడో గాదెలో పొరుగావిడ

గోదాము తలుపులు తీసేసరికే దబ్బనం వచ్చి గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. గోధుమ బస్తాల మూతులు కుట్టడం ఆమె పని. చేతిలో పొద్దస్తమానం దబ్బనం ఉంటుంది, నోటి మాటకి దానికన్నా మొన ఎక్కువ. అందుకని ఆ పేరు ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. ఆమె మొగుడు మనిషి పొడుగు, పని ఎక్కడం దిగడం. అతన్ని నిచ్చెన అనేవారు. పెళ్ళయిన కొత్తలో లారీ డ్రైవర్లు "పేర్లు చూస్తే ఇనప సామాన్ల కొట్టు పెట్టేటట్టున్నారు" అని నవ్వారు. దబ్బనం వాళ్ళకి తగిన జవాబే చెప్పింది కానీ అది ఇక్కడ రాయదగ్గది కాదు.

గోదాము వెనక మూడు ఇనప గాదెలున్నాయి, ఒక్కొక్కటి మూడంతస్తుల ఎత్తు. గోధుమలు పైనుంచి పోస్తారు. కింద మీట లాగితే గేటు తెరుచుకుని లారీలోకి దిగుతాయి. ఆ మీట దగ్గరుండేది నిచ్చెన తండ్రి. గోదాములో అందరికీ ఆయన మీట మామ, దబ్బనానికి మామయ్య.

మూడో గాదెలో గోధుమలతో పాటు ఒక గెలాక్సీ కాపురం ఉండేది. ఎప్పుడొచ్చిందో సరిగ్గా ఎవరికీ గుర్తులేదు. మేనేజరు ఒకసారి గాదె మొత్తం ఖాళీ చేయించి చూశాడు. గోధుమలు పోయాయి, అది పోలేదు. కొత్త సరుకు పోస్తే అందులో మళ్ళీ హాయిగా సర్దుకుంది. అద్దె ఇవ్వకపోయినా గింజ ముట్టదు, పైగా అదున్న గాదెలోకి ఎలకలు రావు. అలాంటి కాపురం ఎవరికి చేదు? బళ్ళో సైన్సు మాస్టారు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి చూసి, ఆకాశంలో మన పాలపుంతకి పొరుగున ఉన్నది ఇదేనన్నాడు. ఆ రోజునుంచి అందరూ దాన్ని పొరుగావిడ అన్నారు.

మాస్టారు చాలా చెప్పాడు. ఆవిడ నడిమధ్య ఒకటి కాదు, రెండు వెలుగు ముద్దలున్నాయి. చుట్టూ సుడి తిరిగిన చేతులు, వాటి మధ్య నల్లటి దుమ్ము పాయలు, అంచున పసి నక్షత్రాల నీలి వలయం. పక్కన చంటిపిల్లల్లా రెండు చిన్న గెలాక్సీలు. అంచున తిరిగే చుక్కలు నడుమ తిరిగేవాటంత జోరుగానే తిరుగుతాయట. ఆ జోరుకి ఎగిరిపోవాలి కానీ, కంటికి కనపడనిదేదో వాటిని పట్టి ఉంచుతోందట. ఎప్పటికో ఆవిడ మన పాలపుంతలోకే వచ్చి కలుస్తుందట, అప్పుడు కూడా చుక్కకి చుక్క తగలదట, మధ్యన అంత ఖాళీ. "ఆవిడ వెలుగు మనదాకా రావడానికి ఇరవై అయిదు లక్షల ఏళ్ళు పడుతుంది" అని కూడా అన్నాడు. "ఇక్కడే ఉందిగా, అంత ఆలస్యం దేనికండీ?" అని మీట మామ అడిగాడు. మాస్టారు కాసేపు ఆలోచించి "నెమ్మదస్తురాలు" అన్నాడు.

ఆవిడతో ఒక్కటే చిక్కు. సూటిగా చూస్తే కనపడదు, పొగ మరక ఒకటి ఉంటుందంతే. చూపు పక్కకి తిప్పి మరి దేన్నో చూస్తుంటే, కంటి కొసన చేతులూ పాయలూ అన్నీ విచ్చుకుంటాయి. నిచ్చెనా దబ్బనం మధ్యాహ్నం పూట పైకెక్కి, గాదె మూత తీసి, అంచున కూర్చుని అన్నం తినేవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తింటే ఆవిడ తనంతట తనే కనపడేది. మొగుడి మొహం చూసిందో, చుక్కల్ని చూసిందో, దబ్బనానికి రెండూ కంఠతా వచ్చేశాయి.

తేమకి గోధుమలు పైన అట్ట కడతాయి. అప్పుడు నిచ్చెన లోపలికి దిగి, గింజల మీద నిలబడి గునపంతో ఆ అట్ట పగలగొట్టాలి. ఆ సమయంలో కింద గేటు తెరిస్తే గింజలు ఊబిలా మనిషిని మింగేస్తాయి. తాడు కట్టుకోమని గోడ మీద రాసే ఉంది. కానీ తాడు కాళ్ళకి అడ్డం పడుతుందని ఎవరూ కట్టుకోరు. దాని బదులు గోదాములో ఒక పద్ధతుంది. లోపలికి దిగేవాడు తన చెప్పులు మీటకి తగిలించి వెళ్తాడు. చెప్పులు వేలాడుతుంటే మీట మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. మీట మామ పని నేర్చుకున్న రోజుల నుంచీ ఆ పద్ధతి తప్పలేదు.

ఆ రోజు పొద్దున నిచ్చెన చెప్పులు తగిలించి ఎక్కాడు. టీ వేళకి దిగాడు. మళ్ళీ ఎక్కాల్సిందే కదా అని చెప్పులు తీసుకోకుండా ఉత్తకాళ్ళతోనే టీ బండి దగ్గరికి వెళ్ళాడు. దబ్బనం అతన్ని చూసింది. మీట మీద చెప్పుల్నీ చూసింది, ఒకదాని పట్టీ సగం తెగి ఉంది. మనిషి కిందే ఉన్నాడు కదా, ఈలోగా నాలుగు కుట్లు వేస్తే సరిపోతుంది అనుకుని చెప్పులు తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టుకుంది. అంతలో బస్తాలు అడ్డం వచ్చాయి, ముందు వాటి మూతులు కుట్టింది. నిచ్చెన టీ తాగి, మీట వైపు రాకుండా గాదె వెనక ఇనప మెట్ల మీదుగా పైకెక్కి లోపలికి దిగాడు. లారీ వచ్చింది. మీట మామ మీట వంక చూశాడు, చెప్పులు లేవు. లాగాడు.

దబ్బనం చెప్పు చేతికి తీసుకుని, సూది గుచ్చి, తలెత్తింది. "ఆయనేరీ మామయ్యా?"

"కిందేగా ఉన్నాడు. టీ దగ్గర."

టీ బండి దగ్గర ఎవరూ లేరు. పైన మూడో గాదె మూత తెరిచి ఉంది. దబ్బనం ఒళ్ళో చెప్పులు చూసి మీట మామకి సంగతి అర్థమైంది. మీట వెనక్కి తోశాడు కానీ చేతులు దాన్ని వదల్లేదు, పక్కవాళ్ళు వచ్చి విడిపించాల్సి వచ్చింది.

ఆమె ఎలా ఎక్కిందో ఆమెకి తెలీదు. లోపల గోధుమలు నడుమకి గుంటలా జారి ఉన్నాయి. గుంట అంచున గునపం ఒరిగి ఉంది. మనిషి లేడు. పిలిచింది. ఇనప గోడలు ఆమె గొంతునే తిరగ్గొట్టాయి.

ఫైరింజను తొందరగానే వచ్చింది. వాళ్ళ ఆఫీసరు నెమ్మదైన మనిషి, మాటలు దాచలేదు. "గోడ కోసి గింజలు వదిలేస్తే బయటికి లాగొచ్చు. కానీ రేకు పాతది. ఒక్క కోతకి ఆగుతుంది, రెండోదానికి గాదె కూలుతుంది. మామూలుగా అయితే గింజలు నడుమకి లాగేస్తాయి కాబట్టి గేటు పక్కన కొయ్యాలి. ఈ గాదె మామూలుది కాదు." ఆయన కూడా పైకెక్కి, తెలిసినవాడిలాగే చూపు పక్కకి తిప్పి చూశాడు. "నల్లపాయలు చాలా ఉన్నాయి. మునిగిన మనిషీ అందులో ఒక నలుపుగానే కనపడతాడు. ఇందులో ఈ రోజు కొత్తగా వచ్చిన నలుపు ఏదో నేను చెప్పలేను. రోజూ చూసేవాళ్ళెవరు?"

అందరూ దబ్బనం వంక తిరిగారు.

ఆమె చూసింది. పొగ. పొగ తప్ప ఏమీ లేదు. "పక్కకి చూడమ్మా" అన్నాడు ఆఫీసరు. "చూస్తున్నానండీ" అంది, చూడట్లేదు. కళ్ళు గునపం దగ్గరికే పోతున్నాయి. మొగుడు ఆ గింజల కింద ఊపిరాడక కొట్టుకుంటుంటే చూపు మరోవైపు తిప్పడం అతన్ని వదిలేసినట్టే అనిపించింది. మీట మామ కూడా ఎక్కాడు. ఆయనకీ అంతే, కొడుకు మునిగిన చోటునుంచి కన్ను కదల్లేదు.

"నావల్ల కావట్లేదు మామయ్యా."

"నావల్లా కావట్లేదమ్మా. కళ్ళు పొడుచుకుందామా అనిపిస్తోంది."

కింద రేకు కోసే మిషను పట్టుకుని నిలబడ్డవాళ్ళు పైకి చూస్తున్నారు. ఒక్కొక్క క్షణం అతని ఊపిరిలోంచి పోతోందని అందరికీ తెలుసు. దబ్బనానికి ఏడుపు కూడా రాలేదు. చేతిలో ఇంకా చెప్పు ఉంది, దానికి గుచ్చిన సూది గుచ్చినట్టే ఉంది. ఆమె గాదె మూతి అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, కుట్టడం మొదలుపెట్టింది.

"మొగుడు గింజల్లో ఉంటే చెప్పు కుడుతోందేమిటి?" అన్నారు కింద ఎవరో. "మతి పోయింది పాపం" అన్నారు ఇంకెవరో. మీట మామకి అలా అనిపించలేదు. కుట్టుపని చేతిలో ఉంటే ఆమె కన్ను సూది మొన దాటి పోదని ఆయనకి తెలుసు.

ఒక కుట్టు వేసింది, దారం బిగించింది. ఇంకో కుట్టు. పట్టీ రెండు ముక్కలూ దగ్గరకొచ్చాయి. అప్పుడు కంటి కొసన పొరుగావిడ మెల్లగా విచ్చుకుంది. రెండు వెలుగు ముద్దలు, నల్లపాయలు, నీలి అంచు. ఆమె తల ఎత్తలేదు. పాయల్ని ఒకటొకటిగా, ఇంట్లో గిన్నెలు సరిచూసుకున్నట్టు సరిచూసుకుంది. నడుమ ఏ తేడా లేదు. గునపం దగ్గరా లేదు. దూరంగా అంచున, నీలి చుక్కల మధ్య, నిన్నటిదాకా లేని సన్నటి నలుపు ఒకటి పొడుగ్గా ఉంది. కదులుతోంది. నడుమకి జారాల్సిన మనిషిని ఆవిడ తన చేతి మీద తిప్పుకుంటూ అంచుకి తీసుకుపోయింది.

"బస్తాలు తూచే వైపు" అంది దబ్బనం, సూది మీంచి కన్ను తియ్యకుండానే. "గోడని ఆనుకుని. నా భుజమంత లోతులో."

ఆఫీసరు మిషను ఆ వైపుకి తిప్పించాడు.

రేకు కోస్తుంటే నిప్పురవ్వలు లేచాయి. తరవాత గోధుమలు దూకాయి, గోధుమలతో కలిసి చుక్కలూ దూకాయి. ఆవరణంతా పరుచుకుని, ఎండలో వెలిసిపోయి, ఏది గింజో ఏది చుక్కో తెలియలేదు. ముందు పాదాలు కనిపించాయి. ఎవరో వాటిని పట్టుకున్నారు, ఇంకెవరో నడుం పట్టుకున్నారు. లాగాక చూస్తే అతని మొహం చుట్టూ గింజలు ఒకదానికొకటి తగలకుండా, ముక్కునీ పెదాలనీ తాకకుండా, గాలిలో విడివిడిగా తిరుగుతున్నాయి. మధ్యన బోలెడు ఖాళీ. అతను దగ్గాడు. అప్పుడు అవన్నీ ఒక్కసారిగా నేలమీద రాలాయి.

దబ్బనం దిగొచ్చేసరికి అతన్ని స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. కళ్ళు తెరవలేదు కానీ ఊపిరి ఆడుతోంది. అంబులెన్సులో ఒక్కరే ఎక్కాలన్నారు. మీట మామ వెనక్కి జరిగాడు.

"మీరు వెళ్ళండి మామయ్యా. ఆయన పక్కన కూర్చునే మొహం నాకు లేదు. చెప్పులు తీసింది నేను."

"మీట లాగింది నేను."

"చెప్పులుంటే మీరు లాగేవారా?"

ముసలాయన దుమ్ము పట్టిన చేత్తో ఆమె భుజం పట్టుకుని అంబులెన్సు మెట్టు ఎక్కించాడు. "వాడు బతికాడు కాబట్టి ఈ తప్పు చెరిసగం పంచుకుందాం తల్లీ" అన్నాడు. "వాడు పోయుంటే మొత్తం నాకే వదిలెయ్యమని నీ కాళ్ళు పట్టుకుని అడిగేవాణ్ణి."

తలుపు వేశారు. దబ్బనం అప్పుడు ఏడ్చింది.