అత్తగారి చేతి వెల్లుల్లి మేత

చెరువులో చేపలకు ఎర్రటి పుండ్లు లేచాయి. మేతలో వెల్లుల్లి ముద్ద కొద్దిగా కలపమని చేపల డాక్టరు చెప్పాడు. పుండ్లు ముదిరితే చెరువంతా పోతుందని బెంగపడ్డ అత్తగారు, ఎవరినీ నమ్మక తానే కలిపింది. మర్నాడు కోడలు మేత పళ్ళెం పైకి లాగితే వేసింది వేసినట్టే ఉంది.

"ఎంత వేశారత్తయ్యా?"

"నా చెయ్యే నాకు కొలత. తొందరగా తగ్గాలని ఇంకో రెండు గుప్పెళ్ళు వేశాను."

కోడలు నవ్వు ఆపుకుని, ఈసారి తూకం వేసి కలిపింది. సాయంత్రానికి పళ్ళెం నాకినట్టు ఖాళీ అయింది. అత్తగారి గుండె కుదుటపడింది గానీ మూతి మాత్రం మూడు వంకరలు తిరిగింది.

"ముప్పై ఏళ్లలో నా చేతి తిండి వద్దన్నది ఈ చేపలేనే!"

"మేం మీకు భయపడి తిన్నాం అత్తయ్యా. వాటికి ఆ భయం లేదు మరి."